పెండ్లి చూపులకు తెల్ల టోపీ

నా నెత్తి సంగతి ముందుగాల్నే చెప్పేస్త. దాసిపెడదామని మస్తు తిప్పలు పడ్డ, నాతోని కాలేదు. ఖతర్ల దిగిన నాడు నాకు దువ్వెన పండ్లు ఇరిగేటంత జుట్టు ఉండె. ప్రపంచకప్పు ఫుట్‌బాల్ కోసమని స్టేడియంలు కట్టుడు షురువైనప్పుడు వచ్చిన. పైకప్పు కాడ ఇనుప గొట్టాలు బిగిచ్చే పని. పొద్దంత హెల్మెట్, హెల్మెట్ల చెమట, క్యాంపుకు వస్తే ఉప్పు ఉప్పు నీళ్లతోని తానం. స్టేడియం ఒక్కొక్క అంతస్తు లేస్తుంటే నాకు ఒక్కొక్క వరుస జుట్టు పోయింది. కట్టుడు సగం కాకముందే నా నెత్తి పని ఖలాస్.

రూముల అందరు మా దిక్కోళ్లే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల. సొంత మనుషులు ఉంటే ధైర్యం అంటరు గదా, ఆ ధైర్యం ఎట్లుంటదో నన్ను అడుగుర్రి. నేను హెల్మెట్ తీస్తే చాలు, "లైటు బంద్ చెయ్యుర్రి, వీడు నెత్తి తెరిచిండు" అంటుండె ఒకడు. "స్టేడియానికి గన్ని లైట్లెందుకుర, వీన్ని పైన కూసోబెడితే సాలదా" అని ఇంకొకడు. నేను గూడ నవ్వుతుంటి. నవ్వకపోతే ఇంకింత ఎక్కువ చేస్తరు.

నవ్వితే నవ్విరి, కడుపేం నిండదు, ఎండదు. గని పెండ్లి కాడ దెబ్బ పడ్డది. మా అక్క నా పాత ఫోటో పంపి ఒక సంబంధం ఖాయం చేసింది. అంత అయిందనుకున్నంక, నేను బెడ్డు మీద పండుకున్న వీడియో ఒకటి ఆ పిల్లోళ్ల ఊరికి పోయింది. గుండు నిగనిగ మెరుస్తున్నది, పైన పాట గూడ పెట్టిండ్రు. ఎవడు తీసిండో నాకు ఎర్కే. వాడు ఇప్పటికి నా పక్క బెడ్డే, వాడు వండిన కూర నేను తింట, నేను వండిన బువ్వ వాడు తింటడు. రెండో సంబంధమోళ్లు వీడియో కాల్‌ల జూసి, "పిలగాని నాయిన మంచిగున్నడు గని, పిలగాడేడి?" అన్నరు. మా నాయిన పోయి ఎన్నేండ్లయిందో వాళ్లకేం ఎర్క.

మూడో సంబంధం వచ్చినప్పుడు అక్క ఫోన్ జేసి కరాకండిగ చెప్పింది. "ఇగో, ఇది ఆఖర్ది. ఇది పోతే నేను ఇగ ఎవ్వల గడప తొక్క. వెయ్యి అబద్ధాలాడి ఒక పెండ్లి చెయ్యమన్నరు. తొమ్మిది వందలు నేను ఆడిన, మిగిలినయి నువ్వు ఆడు."

పిల్ల ఫోటో పంపింది. ముక్కు జెర పెద్దగున్నది అని నేనన్న.

"నీ నెత్తికి ఆ ముక్కే ఎక్కువ. వచ్చేది గాదు, ఆ మీది శుక్రారం పొద్దుగాల నేను, మీ బావ వాళ్లింటికి పోతం, ఆడికెల్లి నీకు వీడియో జేస్తం. నెత్తి మీద ఏదన్న పెట్టుకొని కూసో. దుబాయ్ల ఏం దొరకది?"

"అక్కా, ఇది దుబాయ్ గాదు, ఖతర్."

"ఏదైతేంది. ఎండలు గవ్వే, గుండు గదే."

విగ్గు సంగతి మీకు తోచే ఉంటది. నాకు గూడ తోచింది. నజ్మా బజార్ల ఒక దుకాణంల కొనుక్కొచ్చి, అలవాటైతదని సైటుకు పెట్టుకొని పోయిన. చాయ్ టైంకు పైన హెల్మెట్ తీసిన్నో లేదో, గాలికి విగ్గు లేసిపోయి కింద పనిచేసే నేపాలీ భుజం మీద పడ్డది. వాడు ఏదో జంతువనుకొని కేకలు పెట్టుకుంట ఉరికిండు. మా ఫోర్‌మన్ దాన్ని ఇనుప సువ్వ కొనకు తగిలిచ్చి, "ఎవనిది? ఎవనిది?" అని సైటంత తిప్పిండు. నాది అని నేను చెప్పలే. అందరికి తెలిసే ఉండె, ఇంక చెప్పుడెందుకు.

అప్పుడు నాకు దిక్కయినోడు డ్రైవర్ అన్న. కడప దిక్కాయన, అల్ హిలాల్ అనే బస్తీల ఒక విల్లాల ఇంటి డ్రైవర్. శుక్రారం నజ్మాల మెస్సు కాడ అన్నం తినుకుంట దోస్తానయింది. నా గోస అంత విని, చేప ముల్లు తీసుకుంట అన్నడు, "విగ్గు పెట్టుకున్నోడు యాడ ఊడుతాదో అని సస్తా ఉంటాడబ్బీ. టోపీ పెట్టుకున్నోడు దర్జాగా ఉంటాడు. మా బాబా లండన్ పోయేటప్పుడు సూడాల నువ్వు. కోటు, నెత్తిన ఉన్ని టోపీ, దానికి రిబ్బన్ను. ఆయప్పదీ నీ మాదిరే బోడిగుండే. ఎవురికి తెలుసు?"

బాబా అంటే ఆయన యజమాని. ఇండ్లల్ల పనిచేసేటోళ్లు గట్లనే పిలుస్తరు.

"క్యాపు పెట్టుకుంటే సాలదా అన్నా?"

"క్యాపు పెడితే డెలివరీ వాడనుకుంటారు. మఫ్లర్ సుడితే దగ్గు రోగం అనుకుంటారు. మొగోనికి నెత్తిన పెట్టుకునేది ఒగటే, హ్యాటు. పా, పోదాం."

బాబా కొనే దుకాణంల మనను గడప గూడ తొక్కనియ్యరు. పాత బజార్ల కోట్లు కుట్టే దుకాణం ఒకటుంటే ఆడికి తీస్కపోయిండు. ముంగట అంత జెండాలు, బనీన్లు, బాల్‌లే. ప్రపంచకప్పుకు దునియా మొత్తం వస్తదని ఎవనికి తోచింది వాడు తెచ్చి పెట్టుకున్నడు. ఎనుక అద్దాల బీరువల టోపీలు. అమ్మే ఆయన కేరళ మనిషి, హిందీల మాట్లాడిండు. మొదలు టేపు తీసి నా నెత్తి కొలిచిండు. చెవులకు జెర పైనంగ, నొసలు మీదికెల్లి, ఎనుక ఎముక ఉబ్బుగ ఉంటది గదా, దాని మీదికెల్లి. పుట్టినప్పటి సంది నా నెత్తిని కొలిచినోడు లేడు. హెల్మెట్‌కు కొలతెందుకు? ఎనుక చక్రం తిప్పితే ఎవ్వని నెత్తికైన బిగుస్తది.

గందుకే, ఆయన టోపీ చేతికియ్యంగనే నేను ఎనుక చక్రం ఎతికిన. లేదు. లోపల జూసిన. తోలు పట్టీ ఒక్కటే ఉన్నది.

"గడ్డం కింది బెల్టు ఏది భాయ్?" అన్న.

కేరళాయన డ్రైవర్ అన్న దిక్కు జూసిండు. డ్రైవర్ అన్న గోడ దిక్కు జూసిండు.

గని పాపం, మనిషి ఓపికతోనే చెప్పిండు. నెత్తి మీద టోపీ కూసోవాలె గని చెవుల మీద కాదు. బిగుతుగ ఉంటే నొసలు మీద గీత పడ్తది, వదులుగుంటే వంగినప్పుడు జారుతది. పట్టీకి నొసలుకు నడుమ ఒక్క వేలు దూరితే అది నీ సైజు. నాది కోల మొకం, గన్క పైభాగం మరీ ఎత్తు ఉండొద్దు, అంచు మరీ వెడల్పు ఉండొద్దు. పైన నొక్కులు ఉంటయి గదా, ఆడ పట్టుకొని ఎత్తొద్దు, పట్టంగ పట్టంగ చీలుతది. రెండు చేతుల అంచు పట్టుకొని పెట్టుకోవాలె. నేను హెల్మెట్ లెక్క నెత్తి మీద గుద్ది కనుబొమ్మల దాక దించుకుంటి. ఆయన పైకి లేపి, ముంగట జెరంత వంచి, కుడి దిక్కు ఇంతంత వాల్చిండు.

బొగ్గు రంగుది అది. అద్దంల జూసుకున్న. ఆడ నిలబడ్డోడు నాకు నచ్చిండు. మస్తు దినాల తర్వాత అద్దంల నాకు నచ్చిన మనిషి కనవడ్డడు. ఇటు తిరిగి, అటు తిరిగి మల్ల జూసుకున్న.

అది తీస్కొని వస్తే కథ వేరే ఉంటుండె. గని బీరువ పై అరల ఇంకొకటి కనవడ్డది. తెల్లది. పాల లెక్క తెల్లగ, నల్ల రిబ్బన్.

సైటు మీద పనిజేసినోనికి తెలుపంటే ఏందో వేరే చెప్పొద్దు. మా తాన పసుపు హెల్మెట్ కూలోనికి, నీలిది కరెంటోనికి, ఆకుపచ్చది సేఫ్టీ వానికి, తెల్లది ఇంజినీరుకు. తెల్ల హెల్మెట్ దూరంకెల్లి కనవడితే చాలు, కూసున్నోడు లేస్తడు, నిలబడ్డోడు ఉరుకుతడు, ఫోన్ల మాట్లాడేటోడు పెండ్లంతోని గూడ "సార్ వచ్చిండు" అని పెట్టేస్తడు. తెల్ల హెల్మెట్ కింద ఎంత పనికిరానోడున్నా వాడు సారే. అన్నేండ్లు పసుపు కింద ఉడికినోన్ని, తెలుపు దొరుకుతుంటే బొగ్గు ఎందుకు తీస్కుంట?

"అది ఇయ్యి" అన్న.

కేరళాయన అడ్డం తలకాయ ఊపిండు. "భాయ్, నీ మొకం చామన ఛాయ. ఇంట్ల తెల్లది పెడితే టోపీనే కనవడ్తది, కింద మొకం నీడల పోతది. తెలుపు తోటల్ల, ఎండల తిరిగేటోళ్లకు."

"నా మొకం సంగతి నిన్ను అడిగిన్నా?"

డ్రైవర్ అన్న గూడ, "బొగ్గుదే బాగుండాది అబ్బీ" అన్నడు. నాకు తిక్క రేగింది. "కారు తోలేటోనివి, నీకేం ఎర్క అన్నా తెలుపు కీమతు" అన్న. పైసలు కట్టేటోన్ని నేనాయె.

డబ్బల పెట్టుకుంట కేరళాయన ఇంకొక ముచ్చట చెప్పిండు. ఇంట్లకు పోతే టోపీ తియ్యాల్నంట. అన్నం కాడ తియ్యాల్నంట. ఆడోళ్లు, పెద్దమనుషులు ఎదురైతే తియ్యాల్నంట. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలే. ఇంట్ల తీసి, పెద్దోళ్ల ముంగట తీసి, ఆడోళ్ల ముంగట తీసి, ఇంక పెట్టుకునేది ఏడ? ఒంటెల ముంగటనా?

"ఫోన్లో ఇల్లేంది, బయటేంది అబ్బీ. పెట్టుకో" అన్నడు డ్రైవర్ అన్న.

క్యాంపుల అలవాటు చేస్కుందామని రోజు డ్యూటీ నుంచి వచ్చినంక గంట సేపు పెట్టుకొని కూసున్న. మొదటి దినమే మా వాళ్లు నన్ను క్రికెట్ అంపైర్‌ను జేసిండ్రు. నేను తలుపు తీస్కొని లోపలికి అడుగువెడితే చాలు, రూమంత మోకాళ్ల మీద కూలబడి చేతులు చాపి "ఔట్!" అని అరుసుడు. తానానికి పోతే, "అంపైర్ సాబ్, నీళ్లు వైడ్ పోతున్నయి" అనుడు. ఎంతకైన ఓర్చుకున్న. గురువారం తానం చేసి వచ్చేవరకు బెడ్డు మీద టోపీ లేదు. వంటింట్ల దొరికింది. దాన్ని బోర్లిచ్చి అండ్ల ఉల్లిగడ్డలు పోసిండ్రు. పక్క బెడ్డోడు కత్తి పట్టుకొని కోస్తున్నడు. ఎగబడి వాని అంగీ పట్టిన. వాడు నింపాదిగ, "లొల్లి ఎందుకుర, వీడియోల వాసన రాదు గద" అన్నడు. అందరు నవ్విండ్రు. ఆ పొద్దు నేను బువ్వ తినలే.

శుక్రారం పొద్దుగాల డ్రైవర్ అన్న రూముకు పోయిన. క్యాంపుల రెండంతస్తుల బెడ్లు కనవడ్తే ఇజ్జత్ పోతదని ముందే అనుకున్నం. విల్లా ఎనుక గోడకు ఆనిచ్చి కట్టిన చిన్న అర్ర, నడుమల ట్యూబ్‌లైటు. అన్న మంచం మీద కొత్త దుప్పటి పరిచిండు, గోడకు బాబా ఇంట్ల పాతదైన పరదా కట్టిండు. ఇస్త్రీ అంగీ ఏసుకొని, రెండు చేతుల అంచు పట్టుకొని టోపీ పెట్టుకున్న. కుడి దిక్కు ఇంతంత వాల్చిన. అన్న ఎదురుంగ ఫోన్ పట్టుకున్నడు.

కాల్ కలిసింది. మొదలు మా అక్క మొకం. టోపీ జూసి నోరు తెరిచింది, మల్ల మూసుకున్నది. ఫోన్ అటు తిప్పి ఒక్కొక్కలను చూపెట్టింది. పిల్ల వాళ్ల అవ్వ, నాయినమ్మన్నట్టు, నులక మంచం మీద కాళ్లు చాపుకొని. పిల్ల వాళ్లమ్మ చాయ్ పళ్లెం పట్టుకొని. పిల్ల నాయిన గోడకు ఆనుకొని, ఆయన నెత్తి మీద గూడ ఒక్క ఎంటిక లేదు. "మామ ముప్పై ఏండ్లు దుబాయ్ల చేసి మొన్ననే ఇంటికి వచ్చేసిండు" అన్నది అక్క. చివరకు పిల్ల, తల వంచుకొని. ఫోటోల కనవడ్డంత పెద్ద ముక్కేం కాదు.

ఇగ ఫోన్ ముసలవ్వ చేతికిచ్చిండ్రు. అవ్వ కండ్లు చిట్లిచ్చి అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"పిలగాడేడే? టోపీ కనవడుతుంది గని పిలగాడు కనవడ్తలేడు."

నేను ఫోన్ల నా బొమ్మ జూసుకున్న. నిజమే. ట్యూబ్‌లైటు కింద టోపీ ధగధగ మెరుస్తున్నది. దాని అంచు కింద మొకం కాడ నల్లటి మసి. కండ్లు లేవు, ముక్కు లేదు.

కిటికీ కాడికి జరిగిన. ఎనుక ఎండ పడి ఇంకింత నల్లగయిన. డ్రైవర్ అన్న ఆలోచన జేసి టార్చ్ లైటు తెచ్చి నా మొకం మీద కొట్టిండు. "అయ్యో, దొంగను పట్టుకున్నట్టున్నది" అన్నది ముసలవ్వ. మా బావ దగ్గిండు. అక్క, "టోపీ జెర ఎనుకకు అనుర తమ్మీ" అన్నది పండ్లు కొరుక్కుంట.

ఎనుకకు జరిపిన. కండ్లు కనవడ్డయి.

"ఆ, గిప్పుడు కనవడ్తున్నవ్ బిడ్డా. ఇంక జెర అను."

జరిపిన. నొసలు కనవడ్డది.

"ఇంకింత."

ఇంకింత నొసలు కనవడ్డది. ముసలవ్వ ఫోన్‌ను కండ్ల కాడికి తెచ్చుకున్నది. "ఏడిదాక ఉన్నదయ్యా నీ నొసలు?"

అటు దిక్కు పిలగాండ్లు కిసుక్కున నవ్విండ్రు. నా ఈపు మీద చెమట కాలువలు కట్టింది.

"తియ్యి బిడ్డా," అన్నది అవ్వ, మంచిగనే. "పెద్దోళ్లం కూసున్నం. తియ్యి, జూస్తం."

రెండు చేతుల అంచు పట్టుకొని తీసిన. పద్ధతిగనే తీసిన. ట్యూబ్‌లైటు ఈసారి నెత్తి మీద పడ్డది. ఎవని పోరడో, "అవ్వా, గుండు!" అని చప్పట్లు కొట్టిండు. ఇగ ఆడ ఆగలేదు. పక్కింటోళ్లు సుత వచ్చి తొంగి చూసి నవ్వవట్టిరి. మా బావ సుత నవ్వవట్టె. అక్క తల ఎత్తలేదు. సిగ్గుతోని నా చెవులు కాలిపోయినయి. ఇంత మందికి నా నెత్తి ఏం బాకీ ఉన్నదని మండిపోయింది. ఈ సంబంధం గూడ పోయింది, అక్క ఇగ ఎవ్వల గడప తొక్కది, నేను గీ క్యాంపుల ఉల్లిగడ్డలు కోసుకుంట ముసలోన్ని అయిత అనుకున్న. ఫోన్ పెట్టెయ్యమని డ్రైవర్ అన్నకు చెయ్యి ఊపిన.

"అవ్వా, ఫోన్ ఇటియ్యి" అన్న మాట ఇనవడ్డది.

పిల్ల తీస్కున్నది. అప్పటి దాక వంచిన తల ఎత్తి నన్ను సక్కగ జూసింది. నవ్వలేదు. ఆమె ఒక్కతే నవ్వలేదు ఆడ. నాకు ఎక్కడో చిన్న ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలె.

"నాకు ఇష్టమే" అన్నది.

నవ్వులు ఆగినయి. ముసలవ్వ, "నెత్తి జూసినవా బిడ్డా?" అన్నది.

"జూసిన అవ్వా. ఇంటికాడ ఉండేటోడైతే నెత్తి జూడాలె. రెండేండ్లకోసారి వచ్చి నెలరోజులకు పోయేటోనికి జుట్టుంటేంది, లేకుంటేంది?" కోపం లేదు ఆమె గొంతుల, బజార్ల కూరగాయలు ఏరినట్టే మాట్లాడింది. "నాయిన జుట్టు ఎన్నడు పోయిందో అమ్మను అడుగు. చెప్తదేమో."

వాళ్లమ్మ చాయ్ కప్పులు పళ్లెంల సదురుకుంటున్నది.

మా అక్క ఊపిరి పీల్చుకొని, "సాలు, ఇగ ముహూర్తం జూస్కుందాం" అని ఫోన్ గుంజుకున్నది. ఇక్కడ డ్రైవర్ అన్న సంబురంతోని నా ఈపు మీద సరిసిండు. అక్క ఆ ఫోన్ తీస్కపోయి పిల్ల నాయిన చేతుల పెట్టింది. ఆయన గోడకు ఆనుకున్నోడు ఆనుకున్నట్టే ఉండి నన్ను జూసిండు. నేను ఆయనను జూసిన.

"లీవు ఎన్నడు దొరుకుతది అల్లుడా?" అన్నడు.

"ప్రపంచకప్పు అయిపోయే దాక కంపెనీల లీవులు బందు పెట్టిండ్రు మామా."

"ఆ," అన్నడు, "గట్లనే అంటరు."